నిలబడేంత ఎత్తు

ఎస్పీ రోడ్డులో బేరింగుల కొట్టుకీ తాళ్ల కొట్టుకీ మధ్య
ఇరుకు మెట్లెక్కితే ఆ గది.
నరసరావుపేట కుర్రాడు వేళ్ల మీద లెక్క చెప్పాడు:
బరువు రెండు కిలోల ఆరొందలు,
కుట్టు కుట్టుకీ టేపు,
మూడు వేల మిల్లీమీటర్ల నీళ్లు పైన నిలబెట్టినా
చుక్క దిగదు మేడమ్.
నేనడిగింది ఒకటే.
లోపల నేను నిలబడొచ్చా?

యాభై రెండేళ్లు. ఎడమ మోకాలు
హోసూరు దగ్గర ఇసుక మీద బండి జారినప్పటిది.
పాత డేరాలోకి పాకుతూ దూరేదాన్ని,
పాకుతూనే బయటపడేదాన్ని,
పడుకునే ప్యాంటు ఎక్కించుకునేదాన్ని
ఒడ్డున పడ్డ కొరమీనులా.
దాని కర్రలు మూరెడుకి పైమాటే, పక్కపెట్టెలో పట్టవు.
సీటు వెనక అడ్డంగా కట్టి హెబ్బాళ ఫ్లైఓవర్ దిగుతుంటే
ఓ ఆటో ఒక కొసని తగిలించుకుపోయింది.
అప్పట్నుంచి అది కుంటుతూనే నిలబడేది, నాలాగే.

క్యాషు కౌంటరు మూసేవేళ వసుంధర అడుగుతుంది,
దారిలో లాడ్జీలు లేవా అని.
ఉన్నాయి.
ప్రతి లాడ్జి బల్ల మీదా
"ఒక్కరేనా?" అనే ప్రశ్న కూడా ఉంది,
గది అద్దెలో కలిపే ఉంటుంది.

ఇది శంకువు. నడుమ ఒకటే గుంజ,
విప్పితే ముక్క జానెడున్నర.
రెండు రంగులున్నాయి మేడమ్, నారింజ, మట్టి.
నారింజ తీసుకోండి, ఫొటోలో అదిరిపోద్ది,
కొండల్లో తప్పిపోతే హెలికాప్టరుకి కూడా కనపడుద్ది.
అబ్బాయీ, హెలికాప్టరుకి కనపడేది
ఢాబా వెనక తాగి కూర్చున్న నలుగురికీ కనపడుతుంది.
పైకి అనలేదు.
మట్టిరంగు కట్టమన్నాను.

పదకొండు వేల నాలుగొందలు.
బేరమాడితే తగ్గించలేదు గానీ రెండు మేకులు ఎక్కువిచ్చాడు.
నచ్చకపోతే మూడు రోజుల్లో వెనక్కి.

కమ్మనహళ్లి, మూడంతస్తుల పైన డాబా.
కాంక్రీటులో మేకు దిగదు.
ఒక తాడు సింటెక్స్ ట్యాంకు కాలికి,
ఒకటి డిష్షు రాడ్డుకి,
ఒకటి ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాకి,
నాలుగోది కింది వాటా వాళ్ల కరివేపాకు కుండీకి.
ఎంత లాగినా ఓ పక్కకి వాలింది,
పందెంలో ఓడి ఇంటికొచ్చినవాడి తలపాగాలా.
ఆరిన బట్టలు తీయడానికొచ్చిన గౌరమ్మగారు
"ఏనిదు, ఒళగె యారిద్దారె?" అంది.
నేనే, అన్నాను.
నిలబడి అన్నాను.

రెండింటికి వాన. మే నెల బెంగళూరు వాన,
వచ్చేముందు చెప్పదు, వచ్చాక వినదు.
గుడ్డ ఆగింది.
నీళ్లు కిందనుంచి వచ్చాయి.
ఈ డేరాకి అడుగు లేదు, అందుకే ఇంత తేలిక అని
కుర్రాడు గొంతు తగ్గించి చెప్పిన ఒకే ఒక్క మాట.
ప్లాస్టిక్ స్టూలెక్కి కాళ్లు ముడుచుకుని
టార్చి వేసి చూశాను:
ట్యాంకు వైపునుంచి వేలెడు వెడల్పు పాయ,
ఎండుటాకునీ ఒక బట్టల క్లిప్పునీ మోసుకుంటూ
గుంజ చుట్టూ తిరిగి,
స్టూలు కిందుగా జరిగి,
అవతలి అంచు కింద దూరి
తూము గొట్టంలోకి పోయింది.

కుదురేముఖ్ కింద, ఆ పాతదానిలో,
ఒక చిల్లులోంచి వచ్చిన నీళ్లు
తెల్లార్లూ నాతోనే పడుకున్నాయి.
దాని అడుగు గట్టిది మరి.

నాలుగింటికి వెలిసింది.
గుడ్డ లోపలివైపు నా ఊపిరే చెమ్మయి
మెడ మీద బొట్లు బొట్లుగా. ఇదొక తప్పు.
ఒత్తిగిలితే గుంజ తగులుతుంది, ఇంకోటి.
గాలి సంగతి తెలీదు. స్పితిలో తెలుస్తుంది.

గుంజ పట్టుకుని లేచాను.
మోకాలు టక్కుమంది. జుట్టు గుడ్డకి రాసుకుంది,
అంతే, వంగక్కర్లేకపోయింది.
ముందు ఎడమకాలు, తర్వాత కుడికాలు,
జిప్పు, బొత్తాం.

బయటికొచ్చి తాడు విప్పి
కుండీని దాని చోట పెట్టాను.
ఒక రెమ్మ విరిగింది.
లేచాక చెప్పాలి గౌరమ్మగారికి.